కారు లేకుండా కోటిపల్లి రేవు దాటి, అమలాపురంలో ఒక్క రోజులో పనులన్నీ ముగించుకోవడం ఎలా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. మీరూ అమ్మగారూ కోటిపల్లి దగ్గర ఊళ్ళో ఉంటున్నారు. నాన్నగారు పోయి రెండు నెలలైంది. ఆయన అమలాపురంలో ప్రభుత్వ ఉద్యోగం చేసి అక్కడే రిటైరయ్యారు కాబట్టి బ్యాంకు ఖాతా, పెన్షను, ఎల్ఐసీ పాలసీ అన్నీ అక్కడే ఉన్నాయి. కారు అమ్మేశారు, బండి నడపడం మీకు రాదు. అమ్మగారికి షుగరు, మోకాళ్ళ నొప్పులు. బ్యాంకు, పెన్షను చూసే ఖజానా ఆఫీసు, ఎల్ఐసీ, అమ్మగారి రక్తపరీక్షలు, మాసికానికి పంచెల చాపు, ఇన్నీ ఒకే రోజు చూసుకుని చీకటి పడకముందే ఇల్లు చేరగలమా అని అడిగారు. చేరగలరండి. తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉందని కూడా రాశారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తాను.

నేను అమలాపురంలో ఒక బ్యాంకులో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేశాను. అందులో సగం కాలం కోటిపల్లి ఒడ్డు నుంచే రోజూ వెళ్ళి వచ్చాను. పొద్దున పంటు మీద, అంటే మనుషుల్నీ బండ్లనీ దాటించే పెద్ద పడవ మీద, అవతలి ఒడ్డున ముక్తేశ్వరం, అక్కడి నుంచి బస్సో ఆటోనో. మాకు ఎప్పుడూ కారు లేదు. ఇప్పుడూ లేదు. కౌంటరుకు లోపలి వైపు నుంచి ఎంతోమందిని చూశాను, అత్తగారి పనుల కోసం బయటి వైపునా నిలబడ్డాను. ఆ రెండూ కలిపి చెప్తున్నాను.

ముందు ఒక్క విషయం మనసులో పెట్టుకోండి. అమలాపురం దీవి మీద ఉన్న ఊరు. ఒకవైపు గౌతమి, ఒకవైపు వైనతేయ, రెండూ గోదావరి పాయలే, దక్షిణాన సముద్రం. రైలు ఇంకా రాలేదు. రేవు దాటేటప్పుడు గోదావరిలో లేచి నిలబడ్డ రైలు వంతెన స్తంభాలు మీకు కనిపిస్తూనే ఉంటాయి, నాకైతే వాటిని చూసినప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. యానాం, ఎదుర్లంక మధ్య బాలయోగి వారధి 2002లో వచ్చింది. అంతకుముందు తూర్పు వైపు నుంచి చుట్టు తిరగకుండా రావాలంటే పడవే దిక్కు. ఇప్పుడు వంతెనలున్నా మీ ఊరి నుంచి దగ్గరి దారి రేవే. అందుకని మీ రోజును పొద్దున నుంచి సాయంత్రానికి లెక్క వేసుకోకండి. చివరి పంటు దగ్గర మొదలుపెట్టి వెనక్కి లెక్క వేసుకోండి. పొద్దున ముక్తేశ్వరంలో దిగగానే పంటువాళ్ళను అడగండి, ఈ రోజు ఆఖరుది ఎన్నింటికని. రోజూ దాటేవాళ్ళు కూడా అడుగుతారు, ఎందుకంటే గాలిని బట్టీ నీటిని బట్టీ అది మారుతుంది. వాళ్ళు చెప్పిన దానికి గంట ముందే రేవులో ఉండాలి. ముక్తేశ్వరం నుంచి అమలాపురం పదిహేను కిలోమీటర్ల లోపే అయినా బస్సు కోసం ఎదురుచూపు కలిపితే గంట తీసి పక్కన పెట్టాలి. అంటే ఆఖరుది ఆరింటికైతే, నాలుగు దాటాక అమలాపురంలో కొత్త పని ఏదీ మొదలుపెట్టకూడదు.

ఇక అసలు శ్రమంతా బయల్దేరక ముందే ఉంది. నిజానికి నది దాటాల్సిన అవసరం లేని పనులు ఇందులో కొన్ని ఉన్నాయి. కుటుంబ సభ్యుల ధృవీకరణ పత్రానికి మీ ఊరి సచివాలయంలోనే దరఖాస్తు చేసుకోవచ్చు. కొన్ని సర్టిఫికెట్లు ప్రభుత్వం నడిపే 'మన మిత్ర' వాట్సాప్ నంబరు 9552300009 ద్వారా కూడా వస్తున్నాయి. నాన్నగారు ఇంట్లోనే పోయారని రాశారు కాబట్టి మరణ ధృవీకరణ పత్రం మీ పంచాయతీలోనే దొరుకుతుంది. 21 రోజుల్లో నమోదు చేయించారు గనక ఆ బాధ లేదు. కానీ మీ దగ్గర ఒక్క ఒరిజినలే ఉందన్నారు. మూడు తీసుకోండి. ఎల్ఐసీలో ఒకటి ఉంచుకోవచ్చు, ఖజానాలో ఒకటి అడగవచ్చు. ఉన్న ఒక్కటీ ఒక చోట ఇచ్చేస్తే ఆ రోజు అక్కడితో ఆగిపోతుంది.

అన్నిటికంటే ముందు అమ్మగారి పేరు మీద ఉన్న ఖాతా బతికి ఉందో లేదో చూడండి. దీన్ని ఎవరూ పట్టించుకోరు, అందరూ ఇక్కడే దెబ్బతింటారు. ఫ్యామిలీ పెన్షనైనా ఎల్ఐసీ డబ్బైనా చివరికి పడేది అమ్మగారి ఖాతాలోనే. మన ఇళ్ళలో ఆడవాళ్ళ ఖాతా ఒకప్పుడు తెరిచి, తర్వాత ముట్టుకోకుండా వదిలేస్తారు. రెండేళ్ళ పాటు మనం వేసిందీ తీసిందీ ఏమీ లేకపోతే ఆ ఖాతాను బ్యాంకు వాడకంలో లేనిదిగా లెక్కకడుతుంది. మళ్ళీ ఆధార్, ఫోటో, కేవైసీ ఇచ్చి తెరిపించుకోవాలి. అమ్మగారి ఖాతా ద్రాక్షారామంలోనో రామచంద్రపురంలోనో ఉంటే, అమలాపురం ప్రయాణానికి వారం ముందే అక్కడికి వెళ్ళి ఆ పని చేయించి, పాస్‌బుక్కులో తాజా ఎంట్రీలు వేయించుకుని రండి. ఆ పాస్‌బుక్కు లేకుండా అమలాపురం వెళ్తే మూడు ఆఫీసుల్లోనూ ఒకటే మాట వినాలి.

రెండోది, నాన్నగారి పాస్‌బుక్కు మొదటి పేజీ. అక్కడ నామినేషన్ నమోదైనట్టు రాసి ఉందా చూడండి. నామినీ ఉన్నా, ఇద్దరిలో ఎవరైనా తీసుకునే ఉమ్మడి ఖాతా అయినా పని తేలిక. క్లెయిము ఫారం, మరణ పత్రం, నామినీ గుర్తింపు కార్డు చాలు. కోర్టు నుంచి వారసత్వ పత్రం తెమ్మని అడగకూడదు. కాగితాలన్నీ అందిన 15 రోజుల్లో బ్యాంకు పరిష్కరించాలని రిజర్వు బ్యాంకు నిబంధన ఉంది. కౌంటరులో ఎవరైనా తెలియక ఇంకేదో అడిగితే కోపం తెచ్చుకోకుండా మేనేజరు దగ్గరికి వెళ్ళి ఈ మాటే చెప్పండి. ఇంకొక జాగ్రత్త ఏమిటంటే, నాన్నగారి ఏటీఎం కార్డుతో డబ్బు తీయకండి. ఇంటి అవసరానికే తీస్తారు, నాకు తెలుసు, దుఃఖంలో ఉన్నవాళ్ళకు అది తప్పని తోచదు. కానీ ఆయన పోయాక కూడా పెన్షను పడి ఉంటే అది వెనక్కి కట్టాల్సిన డబ్బు. ఇప్పటికే తీసి ఉంటే దాచకుండా ఖజానాలో మీరే చెప్పండి, సర్దుబాటు చేస్తారు.

కాగితాల సంచీ గురించి కొంచెం ఎక్కువే చెప్తాను, ఓపిక పట్టండి. 1996 నవంబరు 6 రాత్రి తుఫాను కోనసీమను ఊడ్చేశాక మా బ్రాంచి తెరిచిన మొదటి వారం నాకు ఇప్పటికీ కళ్ళ ముందే ఉంది. కొబ్బరి చెట్లు మొదలంటా పడిపోయి ఉన్న దారుల్లో నడుచుకుంటూ వచ్చారు జనం. ఒకావిడ కొంగుముడి విప్పి పాస్‌బుక్కు తీసింది. చేత్తో రాసే రోజులు కదా, సిరా అంతా కరిగి నీలం మరక తప్ప అందులో ఏమీ లేదు. పోయిన భర్త పేరు, ఊరు చెప్పింది. మా లెడ్జర్లు తడవలేదు కాబట్టి పేజీ పేజీ తిప్పి ఆ ఖాతా పట్టుకోగలిగాం. ఆ రోజు నుంచి నా కాగితం ఏదీ పాలిథిన్ కవరు లేకుండా నది దాటలేదు. మీరూ అంతే చేయండి. బ్యాంకుకు ఒక కవరు, ఖజానాకు ఒకటి, ఎల్ఐసీకి ఒకటి. ప్రతి కవరులో దానికి కావలసిన జిరాక్సులు మూడేసి సెట్లు, అమ్మగారి పాస్‌పోర్టు సైజు ఫోటోలు. ఒరిజినల్స్ అన్నీ నాలుగో కవరులో, అది మీ భుజం సంచీలోనే ఉండాలి. అమ్మగారి చేతికి ఇవ్వకండి, పంటు ఎక్కేటప్పుడు ఆవిడకు రెండు చేతులూ ఖాళీగా ఉండాలి. ఖజానా కవరులో పెన్షను పేమెంటు ఆర్డరు, అదే పీపీఓ, ఒరిజినలే పెట్టండి. ఎల్ఐసీ కవరులో పాలసీ బాండు ఒరిజినల్.

పీపీఓ ఒరిజినల్ అని నొక్కి చెప్పడానికి కారణం ఉంది. మా మామగారు పోయాక అత్తగారిని వెంటపెట్టుకుని ఒక కార్యాలయానికి వెళ్ళాను. జిరాక్సు చాలని మొదట చెప్పారు, వెళ్ళాక ఒరిజినల్ కావాలన్నారు. అది ఇంట్లో ఉంది. మళ్ళీ రేవుకు వచ్చేసరికి గాలి లేచి పంటు ఆపేశారు. డెబ్బై ఏళ్ళ మనిషి ఆ రాత్రి ముక్తేశ్వరంలో తెలిసినవాళ్ళ ఇంట్లో పడుకోవాల్సి వచ్చింది. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు, అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

ఏ రోజు వెళ్ళాలంటే, మంగళ, బుధ, గురువారాల్లో ఒకటి. సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక రోజు. అర్జీ ఇచ్చే పని ఉంటే సోమవారమే వెళ్ళాలి గానీ, మిగతా పనికి ఆ రోజు అధికారులు సీట్లలో దొరకడం కష్టం. శనివారం అసలు వద్దు, ఎల్ఐసీకి 2021 మే నుంచి ప్రతి శనివారం సెలవే, బ్యాంకులకు రెండో శనివారం, నాలుగో శనివారం సెలవు. నెలలో మొదటి వారం బ్యాంకుల్లో పెన్షన్ల రద్దీ, చివరి పది రోజులు ఖజానాలో జీతాల బిల్లుల హడావుడి. నా లెక్కలో 8వ తేదీ నుంచి 20 లోపు మంచిది. కార్తీక మాసమైతే సోమవారాల్లో కోటిపల్లి రేవు స్నానాలవాళ్ళతో నిండిపోతుంది, అమ్మగారితో ఆ మెట్ల దగ్గర నిలబడలేరు.

వరదల కాలంలో, అంటే జూలై నుంచి సెప్టెంబరు దాకా, ముందు రోజు రాత్రి ధవళేశ్వరం దగ్గర ప్రవాహం ఎంతుందో వార్తల్లో చూడండి. మొదటి ప్రమాద హెచ్చరిక 10 లక్షల క్యూసెక్కులకు ఇస్తారు, రెండోది 13 లక్షలకు, మూడోది 17 లక్షలకు. మొదటి హెచ్చరిక దాకా ఆగక్కర్లేదు, నీరు ఎర్రబడి పెరుగుతోందంటే ప్రయాణం వాయిదా వేయండి. తప్పనిసరైతే రేవు మాట మరిచిపోయి, ద్రాక్షారామం మీదుగా యానాం వెళ్ళి, ఎదుర్లంక వారధి దాటి, ముమ్మిడివరం మీదుగా అమలాపురం చేరండి. బాగా చుట్టు, కానీ మొత్తం రోడ్డే. ఎండాకాలంలో నీరు వెనక్కి పోతే ఇసుకలో నడవాల్సిన దూరం పెరుగుతుంది, అప్పుడు కూడా అమ్మగారికి ఈ చుట్టుదారే నయం. మీ ఇద్దరికీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టికెట్టు డబ్బులు అక్కర్లేదు కదా, 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకు ఉచిత ప్రయాణమిచ్చే స్త్రీశక్తి పథకం వచ్చింది. ఆధార్ కార్డు సంచీ అడుగున కాకుండా చేతికి అందేలా పెట్టుకోండి, కండక్టరు అడుగుతారు. రేవుకీ ఆటోలకీ మాత్రం పది, ఇరవై నోట్లు విడిగా ఉంచుకోండి. ఫోనుతో కట్టొచ్చు గానీ ఒడ్డున సిగ్నల్ కోసం వెతుకుతుంటే పంటు కదిలిపోతుంది.

ఇప్పుడు ఆ రోజు సంగతి. ఆరున్నరకు ఇంట్లో బయల్దేరితే ఎనిమిదింబావు, ఎనిమిదిన్నరకు అమలాపురంలో ఉంటారు. బ్యాంకు తెరిచేది పదింటికి. ఈ గంటన్నర ఊరికే పోనివ్వకండి, అమ్మగారి రక్తపరీక్ష ఇక్కడ పెట్టండి. పరగడుపున ఇవ్వాల్సిన రక్తం దిగగానే ఇచ్చేయండి. వెంటనే టిఫిన్ తినిపించండి. తిన్న తర్వాతి రక్తం రెండు గంటలకు ఇవ్వాలి, ఆ రెండు గంటలు టిఫిన్ మొదటి ముద్ద నుంచి లెక్క. ఎనిమిదీ ముప్పావుకు తింటే పది ముప్పావుకు మళ్ళీ ల్యాబులో ఉండాలి, మధ్యలో బ్యాంకు పని జరుగుతుంది. అందుకని ల్యాబు బ్యాంకుకు దగ్గర్లో ఉన్నదే చూసుకోండి. ఖాళీ కడుపుతో ప్రయాణం కాబట్టి పొద్దున మాత్ర వేయాలో వద్దో ముందే డాక్టరుగారిని అడగండి. సంచీలో పంచదార పొట్లం ఉండాలి. చెమటలు పట్టినా చేతులు వణికినా పరీక్ష సంగతి పక్కన పెట్టి వెంటనే నోట్లో వేయండి.

బ్యాంకులో పది గంటలకు మొదటి నలుగురిలో ఉండండి. పన్నెండు దాటాక వచ్చినవాళ్ళ పని మరుసటి రోజుకు పోవడం నేను లోపల కూర్చుని చూశాను. అది బద్ధకం వల్ల కాదండి. మరణ క్లెయిముకు సంతకాలు సరిచూడాలి, పాత ఫారాలు వెతకాలి, మేనేజరు ఆమోదించాలి. రద్దీలో అంత తీరిక దొరకదు. అమ్మగారిని కుర్చీలో కూర్చోబెట్టి మీరు మాట్లాడండి. సంతకం అవసరమైనప్పుడే ఆవిడను లేపండి. 'మావారు పోయారు' అన్న మాట ఆవిడ చేత మూడు ఆఫీసుల్లో మూడుసార్లు చెప్పించకండి. మీరే చెప్పండి.

కాగితాలు ఇచ్చాక మీ జిరాక్సు సెట్టు మీద 'అందినవి' అని రాయించి, తేదీ, సంతకం, ముద్ర వేయించుకోండి. అడగడానికి మొహమాటపడొద్దు. ఆ 15 రోజుల లెక్క మొదలయ్యేది ఆ ముద్ర మీది తేదీ నుంచే. ఖజానాలోనూ ఎల్ఐసీలోనూ ఇలాగే ముద్ర వేయించుకోండి.

పది ముప్పావుకు రెండో రక్తం ఇచ్చేసి నేరుగా ఖజానాకు వెళ్ళండి. ఎల్ఐసీ కన్నా ఇది ముందు, ఎందుకంటే ఎల్ఐసీ డబ్బు ఒక్కసారి వచ్చేది, పెన్షను అమ్మగారికి ప్రతి నెలా అన్నం పెట్టేది. ఏదైనా ఒకటి మిగిలిపోవాల్సి వస్తే ఎల్ఐసీయే మిగలాలి. అక్కడ ఇంకేదైనా కాగితం అడిగితే అది ఏమిటో వాళ్ళ చేతే చీటీ మీద రాయించుకోండి, రెండోసారి మీరొక్కరే వచ్చి ఇవ్వొచ్చేమో కూడా అప్పుడే అడగండి.

ఒంటిగంటకు భోజనం. ఆఫీసులన్నీ ఆ వేళకు భోజనానికి లేస్తాయి, వాళ్ళ గుమ్మం ముందు కాచుకుని కూర్చునే బదులు మీరూ తినేయండి. అమ్మగారికి బయటి తిండి పడకపోతే పెరుగన్నం కట్టుకెళ్ళండి. కాసేపు కాళ్ళు చాపుకునే చోటు దొరికితే ఇంకా మంచిది. రెండుంబావుకు ఎల్ఐసీ, మూడున్నరకల్లా బయటపడతారు. రిపోర్టులు తీసుకోండి గానీ, డాక్టరుగారికి చూపించడం ఆ రోజే పెట్టుకోకండి. డాక్టరు దగ్గర ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు, చివరి పంటుకు అది ఎసరు పెడుతుంది. రిపోర్టు ఫోటో తీసి పంపి, ఈ ఒడ్డున మీకు దగ్గర్లోని డాక్టరుకే చూపించండి.

పంచెల చాపు చివర కొనండి. గడియారస్తంభం సెంటరు చుట్టుపక్కల బట్టల దుకాణాల్లో దొరుకుతుంది. పక్కనే బండారులంక, నేతవాళ్ళ ఊరు కాబట్టి మంచి చేనేత పంచెలే అడిగి తీసుకోండి. దాన్ని కట్టుకునే పంతులుగారికి నాలుగు కాలాలు ఉండాలి. దారి అడగడానికి గడియారస్తంభం, నల్లవంతెన, ఎర్రవంతెన, ఈ మూడు పేర్లు గుర్తుంటే చాలు, ఆటోవాళ్ళు ఇట్టే అందుకుంటారు. ఇంకేమీ బరువు కొనకండి. చవగ్గా ఉందని కూరగాయలో నూనె డబ్బానో ఎత్తుకుంటే, పంటు ఎక్కేటప్పుడు అమ్మగారి చెయ్యి పట్టుకోవడానికి మీకు చెయ్యి మిగలదు.

పంటులో అమ్మగారిని బండ్లు ఎక్కే వైపు కాకుండా పక్కన కూర్చోబెట్టండి. ఒడ్డు తగిలాక బండ్లన్నీ దిగేదాకా లేవనివ్వకండి. ఆ తొందరలోనే మోకాళ్ళ నొప్పులవాళ్ళు పడతారు.

నాన్నగారి పాస్‌బుక్కు మొదటి పేజీ ఇవాళ తీసి చూడండమ్మా. నామినీ పేరు ఉంటే పైన చెప్పినవి చాలు. లేకపోతే, ఇంట్లో మీరెంతమంది సంతానమో, ఖాతాలో సుమారుగా ఎంత ఉందో రాయండి. దాన్ని బట్టి ఏ ఫారాలు, ఎవరెవరి సంతకాలు కావాలో, తోబుట్టువుల్లో ఎవరైనా వేరే ఊళ్ళో ఉంటే వాళ్ళ సంతకం ఎలా తెప్పించుకోవాలో విడిగా రాస్తాను. అది తేలేదాకా ప్రయాణం పెట్టుకోకండి.